తెర మీది సీమ, నేల మీది సీమ

కడప, కర్నూలు అనగానే బయటివాళ్లలో చాలామందికి బాంబులు, వేటకొడవళ్లు, గాల్లోకి లేచే సుమోలే గుర్తొస్తాయి. 1999లో వచ్చిన ‘సమరసింహారెడ్డి’ తర్వాత వరసకట్టిన సినిమాలు ఆ ముద్రను గట్టిపరిచాయి. ముఠా కక్షలు అబద్ధం కాదు. వాటివల్ల ఎన్నో ఇళ్లు దీపం లేనివయ్యాయి. కానీ రాయలసీమంటే అంతేనా?

ఉగాది నాడు దేవుని కడపకు వెళ్లండి. వెంకన్న దర్శనానికి నిలబడ్డవారిలో ముస్లిం కుటుంబాలు కనిపిస్తాయి. కడప పెద్ద దర్గా ఉరుసుకు హిందువులూ కదిలివస్తారు. 1820లో ఉద్యోగానికి కడప వచ్చిన ఆంగ్లేయ అధికారి సి.పి. బ్రౌన్, తన బంగళాలో పండితులను కూర్చోబెట్టి తెలుగు కావ్యాలను పరిష్కరింపజేశాడు. ఆ బంగళా ఉన్నచోట ఇప్పుడు గ్రంథాలయం ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన కర్నూలు, భవనాలు చాలకపోతే డేరాలు వేసి కచేరీలు నడిపింది. వానలు మొహం చాటేసినా, ఉగ్గాని బజ్జీ తిని పొద్దున్నే పనికి బయల్దేరే జనం సీమవాళ్లు.

మిత్రులారా, ఊరి కక్షలు గుర్తున్నంతగా దాని కలివిడితనం మనకు గుర్తుండదు. ఏ ఊరినైనా ఒక మాట అనేముందు, అక్కడ బతుకుతున్న ఒక్కరినైనా అడుగుదాం. సీమ బిడ్డలారా, అడిగినవారికి మీ ఊరి మంచిని తలెత్తి చెప్పండి.