పంచాయతీ గోడమీది పేర్లు

ప్రభుత్వమువలన ధనసహాయము పొందిన రైతు పేరును ఊరందరికిని చాటుట న్యాయమా? సహాయము పొందుట నేరము కాదు గదా, పేరు గోడకెక్కించుట యేల? అని అడుగు పెద్దలు మన గంజాము జిల్లా తెలుగువారిలో పెక్కురు కలరు. ఒరులయెదుట చేయి చాచుటకు సిగ్గుపడు ఇండ్లలో పెరిగినవారి సంకోచమిది. తేలికగా త్రోసివేయరాదు.

అయినను ఈ సొమ్ము దానము కాదు. దాత తన సొంతధనమిచ్చునపుడు గుప్తముగా ఇచ్చుటయే మేలు. ఖజానాలోని ధనము అట్టిది కాదు. సబ్బుబిళ్ల కొను కూలివాడును పన్నురూపమున అందు తన పాలు వేయుచున్నాడు. ఇచ్చువారిలో తానొకడైనపుడు, అది ఎవరికి చేరినదో వాడు అడుగరాదా? 2005 నాటి సమాచార హక్కు చట్టము, 4వ విభాగమున, సబ్సిడీ పథకముల మొత్తములను, లబ్ధిదారుల వివరములను అధికారులు తామై ప్రకటింపవలెనని విధించినది. పదుగురు చూడబోవు కాగితమును గుమాస్తా కొంచెము జాగ్రత్తగా వ్రాయునని కచేరీలలో పనిచేసినవారి కందరికిని తెలియును.

2019 ఫిబ్రవరిలో ప్రారంభమైన పి.ఎం. కిసాన్ పథకమున భూమిగల రైతుకుటుంబమునకు ఏడాదికి 6,000 రూపాయలు మూడు వాయిదాలలో బ్యాంకుఖాతాకు చేరును. ఆదాయపు పన్ను కట్టువారు అనర్హులు. నెలకు 10,000 రూపాయలో అంతకు మించియో పింఛను తీయు నాబోటి గుమాస్తాలును, రెండెకరములున్నను, ఆశపడరాదు. ఈ నియమము చెల్లినదో లేదో ఢిల్లీ అధికారికంటె పొరుగింటివానికే బాగుగా తెలియును.

జాబితా చూచువారు అందున్న పేర్లను చదివి అసూయపడుదురు. లేని పేర్లను వెదకవలెనని నా మనవి. దున్నువాడు, ఎరువు కొనువాడు, వాన తప్పినచో అప్పులపాలగువాడు కౌలురైతు. భూమి తన పేర లేదు గనుక పి.ఎం. కిసాన్ జాబితాలో అతడుండడు. పట్టణమున కాపురమున్నను, పట్టా గలవానికే వాయిదా ముట్టును. ఇందు దొంగతనమేమియు లేదు. లెక్క సరిపోయినది, న్యాయమే సరిపోలేదు. జాబితా దాచినచో ఈ కొరత కంటబడుటయే లేదు.

ఒడిశాలో 2018 డిసెంబరున ఆమోదము పొందిన కాలియా పథకము కౌలుదారులను, భూమిలేనివారిని గూడ లెక్కలోనికి తీసికొన్నది. పేరు తప్పినవారికి ఆకుపచ్చ ఫారము, అనర్హుని పేరు తొలగించుటకు ఎర్ర ఫారము ఏర్పరచిరి. 2024లో సి.ఎం. కిసాన్ వచ్చి కాలియా తొలగినది. కాని ఆ రెండు ఫారముల ఏర్పాటు మెచ్చదగినది; చదివినవాడు మారు పలుకుటకు చోటు లేనిచో ప్రకటన వలన సగమే ప్రయోజనము.

పెద్దల సంకోచమున ఒక నిజము కలదు. పేరును, మొత్తమును చెప్పవలెనే గాని ఖాతానంబరు, ఆధారు నంబరు గోడకెక్కరాదు. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము సమాచార హక్కు చట్టములోని 8వ విభాగమును సవరించి, వ్యక్తిగతమను పేర వివరములను నిరాకరించుటకు అధికారులకు మరింత వీలు కల్పించినది. దాని నీడ ఈ జాబితాలపై పడకుండ చూచుకొనవలెను.

మనబోటివారికి ఇంకొక చిక్కు. ఇచ్చట జాబితా ఒడియాలో నుండును. హోసూరున తమిళము, బళ్ళారిన కన్నడము. ఆ భాష చక్కగా మాటాడగలిగియు లిపి రాని తెలుగు రైతులు, అందును స్త్రీలు, ఎందరో కలరు. రాజ్యభాషను తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. రాజస్థానమున 1994లో కోట్ కిరానా గ్రామమున కూలిపట్టీలను జనుల నడుమ బిగ్గరగా చదివించిరి; చదువురానివారును తమ పేర వ్రాసిన కూలిని చెవులార విని, తమకు ముట్టినదెంతయో చెప్పగలిగిరి. మన పిల్లలు బడిలో ఒడియా చదువుచున్నారు. జాబితా వచ్చిననాడు అట్టివాని నొకనిచేత పేర్లు చదివించుటకును, తప్పినవారి అర్జీలు వ్రాసిపెట్టుటకును మన సంఘము ఇద్దరిని సమకూర్చగలదు. వారిలో ఒకడుగా నుండుటకు నేను సిద్ధము.