నా వల్ల

తమ్ముడికి పదకొండేళ్ళప్పుడు అమ్మ కిడ్నీ ఇచ్చింది. ఎనిమిది నెలలకి వాడి మెడ మీద గడ్డలు లేచాయి. బయాప్సీలో లింఫోమా అని తేలింది. కారణం ఎప్‌స్టీన్-బార్ వైరస్.

1964లో కనుక్కున్న ఈ వైరస్ పెద్దవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా ఉంటుంది. తెల్ల రక్తకణాల్లో నక్కి ఉంటుంది, ఒంట్లోని కాపలా దాన్ని లేవనివ్వదు. కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా వేసే మందులు ఆ కాపలాని కూడా జోకొడతాయి. ఆపరేషన్‌కి ముందు చేసిన పరీక్షలో ఈ వైరస్ అమ్మకి ఉంది, తమ్ముడికి లేదు. ఇలాంటి జతలో ప్రమాదం ఎక్కువని డాక్టరు ముందే చెప్పారు. విన్నాం, సంతకం పెట్టాం. వేరే దారేముంది?

"అయితే ఇది నా వల్లేనా?" అంది అమ్మ.

"అయ్యుండొచ్చమ్మా" అన్నారాయన.

మన "వల్ల" చిత్రమైన మాట. కారణాన్నీ తప్పునీ విడదీయదు. "నీ తప్పేం లేదమ్మా" అని నేను వందసార్లు అన్నాను. నిజమే, కానీ అది ఆమె అడిగిన ప్రశ్నకి జవాబు కాదు. బెర్నార్డ్ విలియమ్స్ అనే తత్వవేత్త ఒక లారీ డ్రైవర్ గురించి రాశాడు. తన తప్పేమీ లేకుండానే ఒక పిల్లవాడు అతని లారీ కింద పడతాడు. చూసినవాళ్ళూ బాధపడతారు, కానీ డ్రైవర్ బాధ వేరు. "నాకేం సంబంధం" అని అతను వెంటనే దులిపేసుకుంటే మనకే ఏదోలా ఉంటుంది. అమ్మ బాధ అలాంటిది. దాన్ని పోగొట్టాలని చూడటమే నా పొరపాటు. వాడు బతికింది తన వల్లే అని ఒప్పుకున్న మనిషి, రెండోదాన్ని మాత్రం ఎలా వదిలేస్తుంది?

వైద్యంలో మొదటి మెట్టు ఆ మందులు తగ్గించడం. అలా తగ్గిస్తే ఇలాంటి గడ్డలు కరగొచ్చని 1984లో స్టార్జల్ బృందం రాసింది. అందరికీ కరగవు, కొందరికి కీమో దాకా వెళ్ళాలి. పైగా మందులు తగ్గిస్తే కిడ్నీ దెబ్బతినొచ్చు. డాక్టరు ఇదంతా చెప్పి ఆగారు. నాన్న ఏమీ అనలేకపోయాడు.

"కిడ్నీ పోతే పోనీండి" అంది అమ్మ.

తానిచ్చిందాన్ని తానే వదులుకోవడానికి అంత తొందరగా సిద్ధపడుతుందని నేననుకోలేదు.

గడ్డలు కరిగాయి. కిడ్నీ నిలబడింది గానీ క్రియాటినిన్ మునుపటిలా లేదు. తమ్ముడిప్పుడు ఇంటర్. రిపోర్టు వచ్చిన రోజు నాన్న కాగితం చూస్తాడు. అమ్మ వాడి మెడ తడిమి చూస్తుంది.