మూగజీవికి సూదిమందు

అడగనిదే అమ్మయైనను పెట్టదని మన పెద్దల సామెత. అడుగ నేర్చినవారి విషయమున అది నిజమే కావచ్చును. కాని అడుగుటకు నోరులేని ప్రాణి మన యింట నున్నపుడు దాని అవసరమును ఎవరు చెప్పవలెను? దానికి మేలని తలంచి మనము చేయు పనివలననే దానికి నొప్పి కలిగినచో, ఆ నొప్పి కలిగించు హక్కు మనకు ఎక్కడనుండి వచ్చినది? ఈ ప్రశ్న తత్త్వగ్రంథములలో మాత్రమే పుట్టునది కాదు. మధుమేహము సోకిన పిల్లి యున్న ప్రతి యింటను ఇది దినమునకు రెండుమారులు, ఉదయమొకసారి, సాయంకాలమొకసారి, సూదితో కూడ ఎదుట నిలుచుచున్నది.

పిల్లికి మధుమేహమేమని కొందరు నవ్వవచ్చును. వ్యాధి మనుష్యులను, మృగములను వేరుచేసి చూడదు. మూత్రము తేనెవలె తీపియగు లక్షణమునుబట్టి మన ప్రాచీన వైద్యులు ఈ వ్యాధికి తగిన పేరే పెట్టిరి. పిల్లిలోను లక్షణములు ఇంచుమించు మనుష్యులలోనివే: విడువని దాహము, అధికమైన మూత్రము, ఎంత తినినను చిక్కిపోవు శరీరము. కొన్నింటికి నరములు దెబ్బతిని, వ్రేళ్లపై నడువవలసిన జంతువు వెనుకకాళ్ల మడమలు నేలకానించి నడచును. ఆరోగ్యముగా నున్న పిల్లి రక్తములో, నూరు మిల్లీలీటర్లకు, చక్కెర సుమారు 80 నుండి 120 మిల్లీగ్రాములు ఉండును. అది 250 దాటి మరికొంత పెరిగినచో మూత్రములోనికి దిగును. పిల్లులకు సాధారణముగా వచ్చునది మనుష్యులలోని రెండవ రకపు మధుమేహమును పోలినది. వయస్సు మీరి, లావెక్కిన పిల్లులకు, అందును బీజములు తీయించిన మగపిల్లులకు అది మరింత తఱచుగా వచ్చును.

ఈ లావు ఎక్కడిది? మన తాతల కాలమున పిల్లి గాదెలకు కావలి. ఎలుకలను వేటాడి బ్రతికెడిది. ఇంటివారు పెట్టు పాలన్నము దానికి పైకూడు మాత్రమే. నేడు బెంగుళూరులోనో, చెన్నైలోనో, ముంబయిలోనో, బరంపురములోనో మూడవ అంతస్తు వాటాలో పెరుగు పిల్లిని ఇరుగుపొరుగువారు బెక్కు అన్నను, పూనై అన్నను, మాంజర్ అన్నను, బిలేయి అన్నను దాని స్థితి ఒక్కటే. వేట లేదు, పరుగు లేదు. తిండి యంతయు మన చేతినుండియే. దాని స్వేచ్ఛను మనము తీసికొన్నాము, దానికి బదులుగా రక్షణ నిత్తుమని మాట యిచ్చినట్లే అయినది. కావున రోగమువచ్చిన పిల్లికి చికిత్స చేయించుట దానము కాదు, ఋణము తీర్చుట. భారతదేశమున 1960వ సంవత్సరమున చేసిన జంతుహింసా నివారణ చట్టము కూడ, జంతువును తన సంరక్షణలో నుంచుకొన్న ప్రతివాని మీదను దాని క్షేమమును చూచు విధిని మోపుచున్నది.

ఇక్కడ మనవారిలో పెక్కు కుటుంబములకు ఒక ధర్మసంకటము ఎదురగును. పిల్లి శరీరము మాంసమునకై ఏర్పడినది. మధుమేహము వచ్చిన పిల్లికి మాంసకృత్తులు ఎక్కువగాను, పిండిపదార్థములు తక్కువగాను ఉన్న ఆహారము పెట్టవలెనని పశువైద్యులు చెప్పుదురు. అనగా ప్రేమతో కలిపి పెట్టు పెరుగన్నమే దానికి అపకారి. శాకాహారము మనము ఎన్నుకొన్న నియమము. ఎన్నుకొనుటవలననే దానికి విలువ. పిల్లి దానిని ఎన్నుకొనలేదు. మన వ్రతమునకు దానిచేత ఉపవాసము చేయించుట ధర్మము కాజాలదు. దానికి మాంసము తెచ్చుట మరియొక ప్రాణికి హింస కాదా యని అడుగవచ్చును. ఆ ఆక్షేపణ నిజమైనదే. కాని దానికి సమాధానము పిల్లిని ఇంటికి తెచ్చుకొనుటకు ముందే వెదకవలెను. తెచ్చుకొన్న తరువాత దాని దేహమును మూల్యముగా చెల్లించి వెదకరాదు.

ఇక సూది సంగతి. పిల్లికి ఇన్సులిన్ సాధారణముగా పండ్రెండు గంటల కొకమారు, మెడమీదనో ప్రక్కలనో వదులుగా నుండు చర్మము క్రింద ఇయ్యవలెను. మొదట ఇచ్చు మోతాదు ఒకటి రెండు యూనిట్లకు మించుట అరుదు. దానిని నిర్ణయించు అధికారము వైద్యునిదే. చిన్నబిడ్డకు టీకా వేయించునపుడును మనము అనుమతి అడుగము కదా యని కొందరు సమాధానపడుదురు. ఆ పోలిక సగము మాత్రమే సరిపోవును. బిడ్డ పెరిగి పెద్దయై, ఆనాటి నొప్పి తన మేలుకేయని ఒకనాటికి గ్రహించును, మనలను క్షమించును. పిల్లి ఎన్నటికిని గ్రహింపదు. దానికి తెలిసినది సూది మాత్రమే, కారణము కాదు. క్షమింపగల శక్తి దానికి లేదు కావున మన బాధ్యత తగ్గదు, పెరుగును. ఆ నొప్పి స్వల్పమై యుండవలెను. దానివలని మేలు మనకు గాక పిల్లికే చెందవలెను. అన్నింటిని మించి, అది మేలేయని మనము ఊహించుట గాక తెలిసికొని యుండవలెను.

ఈ మూడవ నియమమునే మనము తఱచు మఱచెదము. మందు ఇత్తుము కాని, చెవి అంచున గ్రుచ్చి రక్తబిందువు తీసి పరీక్షించుటకు మనస్సు రాదు. పాపము, ఒక సూది చాలదా అని జాలిపడుదుము. ఆ జాలియే ప్రమాదకరమైనది. ఇన్సులిన్ అక్కఱకు మించినచో రక్తములోని చక్కెర పడిపోవును. పిల్లి తూలును, నీరసించును, మూర్ఛ వచ్చి ప్రాణమే పోవచ్చును. అట్టివేళ చిగుళ్లకు తేనెనో చక్కెరపాకమునో రాచి వెంటనే వైద్యునియొద్దకు కొనిపోవలెను. మరియొక విశేషము: వ్యాధిని త్వరగా గుర్తించి, ఆహారము మార్చి, మందు క్రమముగా ఇచ్చినచో కొన్ని పిల్లులకు కొంతకాలమునకు ఇన్సులిన్ అవసరమే లేకపోవును. పరీక్షింపనివాడు ఆ శుభదినమును గుర్తింపజాలడు. నిన్న ప్రాణము నిలిపిన మోతాదునే నేడును ఇచ్చును. అదే ప్రాణము తీయును.

ఆసుపత్రిలో పరీక్షించిన చాలదా అనవచ్చును. భయపడిన పిల్లి రక్తములో చక్కెర 300 దాటుటయు కలదు. కావున అక్కడి అంకె దాని నిత్యస్థితిని చెప్పకపోవచ్చును. ఇంట, తనకు పరిచితమైన చాపపైన కూర్చుండి యున్నపుడు, కొన్ని దినముల కొకసారి వైద్యుడు చెప్పినట్లు రెండేసి గంటల కొకమారు చూచి వ్రాసికొన్న పట్టికయే నమ్మదగినది. మనుష్యులకై చేసిన గ్లూకోమీటరు పిల్లి రక్తములోని చక్కెరను ఉన్నదానికంటె తక్కువగా చూపుట కద్దు. ఏ పరికరము వాడుచున్నామో వైద్యునకు చెప్పవలెను. సిరంజి విషయమునను అట్టి జాగ్రత్తయే కావలెను. మన దేశమున మిల్లీలీటరునకు 40 యూనిట్లు గల ఇన్సులిన్ సీసాలును, 100 యూనిట్లు గలవియు దొరకును. మొదటి దానికి ఎఱ్ఱమూత సిరంజి, రెండవ దానికి నారింజరంగు మూత సిరంజి. 100 యూనిట్ల మందును ఎఱ్ఱమూత సిరంజిలో రెండవ గీతవరకు తీసినచో లోపలికి పోవునవి రెండు యూనిట్లు కావు, ఐదు. చేతిలోని ప్రేమ మారలేదు. మారినది గీత మాత్రమే. అయినను ఫలము వేరు. మూగజీవికి ఆ అంకెలే మాట. వాటిని చదువ నిరాకరించుట దాని మాట విననొల్లకుండుటయే.

మనుష్యులకే మందు కొనజాలని దేశమున పిల్లికి ఇన్సులినా యను ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. ఇంటిబిడ్డ చదువును, వృద్ధుల మందును తగ్గించి పిల్లికి వ్యయపెట్టుమని మేము చెప్పము. శక్తి లేనివారు ఆ మాట వైద్యునితో దాపఱికము లేక చెప్పుట సిగ్గుపడదగినది కాదు. కాని శక్తి యుండియు, అది జంతువేకదా అని తప్పించుకొనువారు చరిత్రను ఒకమారు తలంపవలెను. 1889లో మింకోవ్‌స్కీ, మెరింగ్ అను వైద్యులు కుక్క క్లోమమును తొలగించి, ఆ అవయవమునకు మధుమేహముతో గల సంబంధమును కనుగొనిరి. 1921లో టొరాంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు కుక్కలమీదనే పరీక్షించి ఇన్సులిన్‌ను సాధించిరి. 1922 జనవరిలో అది తొలిసారి ఒక బాలునకు ఇయ్యబడెను. అటుపిమ్మట పెక్కు దశాబ్దులు మనుష్యులు వాడిన ఇన్సులిన్ పశువుల, పందుల క్లోమములనుండి తీసినదే. మూగజీవుల దేహములనుండి వచ్చిన ఔషధమును మూగజీవికి ఇచ్చుట అపవ్యయమని మనుష్యుడు పలుకుట న్యాయము కాదు.

అయినను చికిత్సకు ఒక మేర కలదు. తిక్కన తెనుగు చేసిన మహాప్రస్థానిక పర్వమున, తనను ఆశ్రయించిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని ధర్మరాజు నిలిచిన కథ మనకెల్లరకు తెలిసినదే. ఆ కథ ఆశ్రితుని విడువరాదని చెప్పుచున్నది. ఆశ్రితుని బాధను పొడిగింపుమని చెప్పుటలేదు. విడువకుండుట వేరు, పట్టుకొని వ్రేలాడుట వేరు. తిండి మాని, లేవజాలక, వైద్యునకు చేయుటకు ఏమియు మిగులని స్థితిలోను సూదులు కొనసాగించినచో, అవి పిల్లికై వేయునవి కావు. ఎడబాటునకు ఓర్వలేని మన మనస్సునకై వేయునవి. అట్టి దశలో వైద్యుడు సూచించు నొప్పిలేని మరణము పాపమా యని అడిగినచో, దాని బాధను మన ఊరటకై నిలుపుటకంటె అది పాపము కాదని మా నిశ్చయము.

పండ్రెండు గంటల నియమము మన కుటుంబములకు మరియొక పాఠమును నేర్పుచున్నది. పెండ్లికో, పెద్దల తద్దినమునకో ఆంధ్రదేశమున నున్న బంధువుల యింటికి పోవలసినపుడు పిల్లికి సూది వేయువారు ఎవరు? ప్రక్కింటి కన్నడ కుటుంబమో, ఎదురింటి తమిళ తల్లియో. వారికి పిల్లి సంరక్షణ అప్పగించునపుడు, దాని నెంత ప్రేమింతుమో చెప్పుట ఎవరికిని ఉపకరింపదు. ఎన్ని యూనిట్లు, ఏ సిరంజి, ఏ వేళ, తినకపోయినచో ఎవరి నడుగవలెను అను నాలుగు మాటలు వారు చదువగల లిపిలో వ్రాసి యిచ్చినచో ఆ కాగితమే ప్రేమ యగును. మూగజీవిని నొప్పించు హక్కు మన మమకారమునుండి రాదు. దానిని తెలిసికొనుటకు మనము పడు శ్రమనుండి వచ్చును. ఆ శ్రమ లేని సూది హింస. ఆ శ్రమతో వేసిన సూది సేవ.