దోషమెవ్వరిది?

మిరపకాయల కాలమున గుంటూరు యార్డునుండి టిక్కీలు నింపుకొని వెడలు లారీలను అధికారులు బాటలో నిలుపుట మేము పలుమాఱు చూచితిమి. బరువు మీఱెనా, 2019 నాటి సవరణముచే జరిమానా 20,000 రూపాయలు. మీఱిన ప్రతి టన్నునకు మఱి 2,000. భారము హెచ్చిన బండి బ్రేకు వేసినంతనే నిలువదు గనుక ఎదుటివారి ప్రాణములకై తనిఖీ కావలసినదే. డ్రైవరు మొఱ తనిఖీమీద కాదు. సరకెత్తించినవాడు నీడపట్టున నుండగా తానొక్కడే యెండలో దోషియై నిలువవలెనా యనియే. యజమాని యెఱుకతోనో యాజ్ఞతోనో ఈ నేరము జరిగినట్లు న్యాయస్థానము తలపవచ్చునని 1988 మోటారు వాహనముల చట్టము 113వ సెక్షను చెప్పుచున్నది. ఆ చూపు బాటమీద నేల మూతపడవలెను? తెలిసియు చక్రము పట్టినవానిని నిర్దోషి యనజాలము. కాదన్నచో వాని కొలువు పోవుననుటయు నిజమే. మన వంటింటి కారపుపొడి వెలలో ఈ చౌకబాడుగ పాలును కొంత కలదు. బండి కదలకమున్నే కాటా వేసి, మీఱిన టిక్కీలను సరకుదారు నెదుటనే దింపింపరాదా?