దేవుడిచ్చిన ఊపిరి



దేవుడు మట్టితో మానవుని మలచి, అతని నాసికలో జీవశ్వాసను ఊదాడని ఆదికాండము (2:7) చెబుతోంది. ఉత్థాన క్రీస్తు కూడా శిష్యులపై శ్వాస ఊది పవిత్రాత్మను అనుగ్రహించాడు (యోహాను 20:22). మన ఊపిరి దేవుని సొత్తు. ఆ ఊపిరితోనే నేడు కొందరు పిల్లలు విషాన్ని పీల్చుకుంటున్నారు.

ఇది సారా కొట్టులో దొరికే విషం కాదు. తప్పులు చెరిపే వైట్‌నర్, సైకిలు పంక్చరుకు వాడే సొల్యూషన్, రంగుల్లో కలిపే థిన్నర్, పెట్రోలు. పుస్తకాల సంచిలో వైట్‌నర్ కనిపిస్తే ఏ తల్లి అనుమానిస్తుంది? సీసాల్లో వైట్‌నర్, థిన్నర్ చిల్లరగా అమ్మరాదని 2012లో కేంద్ర ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. అయినా, 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం 10 నుండి 17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం మంది ఇలా మత్తు పీలుస్తున్నారు, పెద్దల్లో 0.58 శాతమే. పెద్దలకంటే పిల్లలే ముందున్న మత్తు ఇదొక్కటే.

తుళ్లూరు ప్రాంతపు కుటుంబాలకు ఒక మాట. మిరప కోతల రోజుల్లో అమ్మా నాన్నా చీకటితోనే బయలుదేరి పొద్దుగూకాక ఇల్లు చేరతారు. పగలంతా పిల్లవాడు ఎవరితో తిరిగాడో అడిగే ఓపిక మిగలదు. మిమ్మల్ని తప్పుపట్టడానికి ఈ మాట అనడంలేదు. పత్తికి కొట్టే పురుగుమందు డబ్బాను పిల్లలకు అందకుండా అటకమీద దాచే జాగ్రత్త మీకుంది. ఆ జాగ్రత్తనే ఇక్కడా చూపమని అడుగుతున్నాను. దుకాణం నడిపే సోదరులారా, పదిరూపాయల లాభం కోసం పసివాని ప్రాణాన్ని అమ్మకండి.

బట్టలకు, ఊపిరికి రసాయనాల వాసన, ముక్కు చుట్టూ పుండ్లు, దాచిన గుడ్డపీలికలు, తరచు తలనొప్పి, చదువుపై విముఖత కనిపిస్తే గమనించండి. ఈ ఆవిర్లు మెదడును, కాలేయాన్ని, మూత్రపిండాలను పాడుచేస్తాయి. మొదటిసారి పీల్చినా గుండె లయ తప్పి హఠాత్తుగా ప్రాణం పోవచ్చు.

అందుకే పిల్లవాడు మత్తులో పట్టుబడితే కేకలు వేయవద్దు, కొట్టవద్దు, తరమవద్దు. ఆ క్షణంలో భయమూ పరుగూ గుండెను ఆపివేయగలవు. నెమ్మదిగా గాలి తగిలే చోటికి తీసుకువెళ్లండి. స్పృహ తప్పితే 108కి ఫోను చేయండి. తరువాత వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. సలహా కోసం 14446 నంబరు ఉచితం. మీ విచారణ గురువులతో సిగ్గుపడక మాట్లాడండి.

మాదకద్రవ్యాల వాడకం ఘోరమైన తప్పిదమని శ్రీసభ సత్యోపదేశం (2291) బోధిస్తోంది. కాని తప్పిపోయిన కుమారుని తండ్రిని తలచుకోండి. దూరాన కొడుకు కనిపించగానే ఆయన పరుగెత్తింది కర్ర పట్టుకొని కాదు, కౌగిలించుకోవడానికి (లూకా 15:20). దొంగచాటుగా ఆవిర్లు పీల్చే పిల్లవాడు చాలాసార్లు వెతుక్కునేది ఆ కౌగిలినే.

ఈ రాత్రి జపమాల ముగిశాక దీపం ఆర్పేముందు, పది నిమిషాలు మీ బిడ్డ పక్కన కూర్చోండి. ఆ రోజు ఎలా గడిచిందో అడగండి, కోపగించక వినండి. దేవుడు ఊదిన ఆ ఊపిరిని కాపాడే భాగ్యాన్ని మరియమాత ప్రార్థన సహాయమున ప్రభువు మన కుటుంబాలకు అనుగ్రహించునుగాక. ఆమెన్.