చూపించే హక్కు

మన కథ మనవాడే తీయాలన్న మాట ఎంత విన్నా నాకు మింగుడు పడదు. ‘మా భూమి’ తీసింది గౌతమ్ ఘోష్. కలకత్తా మనిషి. 1980లో ఆ సినిమా విడుదలయ్యే నాటికి ఆయనకు ముప్పై ఏళ్లు నిండలేదు. కథకు ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల. అయినా తెలంగాణ సాయుధ పోరాటం తల్చుకుంటే నా కళ్లముందు కదిలేది ఆ సినిమాలోని రామయ్యే. అదే దర్శకుడు 1993లో భారత్, బంగ్లాదేశ్ కలిసి నిర్మించిన ‘పద్మా నదీర్ మాఝీ’లో పద్మ ఒడ్డున బతికే జాలర్ల కథ చెప్పాడు. అదీ ఆయన బతుకు కాదు.

సరే, బయటివాడు కాబట్టే అంత బాగా చూశాడందామా? ‘మా భూమి’ నిర్మాతల్లో ఒకరైన బి. నర్సింగరావుది గజ్వేల్ దగ్గరి ప్రజ్ఞాపూర్. ఆయన 1988లో ‘దాసి’ తీశాడు. అందులో కమలాక్షి అనే దాసిగా నటించిన అర్చనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. ఆయన ఈ నేలవాడే. కానీ పుట్టింది భూస్వాముల ఇంట్లో. గడీలో ఊడ్చిన కమలాక్షికి ఆయన లోపలివాడా, బయటివాడా?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో పుట్టలేదు. యాలాల్‌లో మా ఇంట్లో ‘దాసి’ టీవీలో వచ్చిన మధ్యాహ్నం నాయనమ్మ పక్కనే కూర్చుంది. చిన్నతనంలో దొరల ఇంట్లో పనిచేసిన మనిషి. దొర వల్ల నిలిచిన కడుపును కమలాక్షి తీయించుకోవాలని తేలేసరికి లేచింది. ‘‘గదంత మేం జూసిందే గద బిడ్డా, మల్ల జూసుడెందుకు?’’ అని వాకిట్లోకి పోయి కందులు చెరుగుతూ కూర్చుంది. నేను పిలవలేదు. సినిమా అయిపోయినా ఆ చేట చప్పుడు ఆగలేదు. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. ఏం జూసిందో తర్వాత కూడా చెప్పలేదు, అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

అప్పటినుంచి తీసినవాడు ఎక్కడివాడన్నది నాకు చిన్న సంగతైపోయింది. వద్దు, నన్ను చూపించకు అనే హక్కు ఎవరిది? రేపు ఎవరో ఒక దర్శకుడు మా తాండూరు వైపు నాపరాయి గనికి కెమెరా పట్టుకుని వస్తాడనుకుందాం. దుమ్ము కొట్టుకున్న ముఖం తెరమీద గొప్పగా ఉంటుంది. ఆ ముఖం గల మనిషి కాదంటే వినేదెవరు? కూలి ఇచ్చే మేస్త్రీ పక్కనే నిలబడి ఉంటే అసలు ఆ మనిషి నోట కాదన్న మాట వస్తుందా? తీసేవాడు మా ఊరివాడైతే మొహమాటానికి ఇంకా రాదేమో.

ఇంత అనుకుంటాను గానీ, ‘దాసి’ తీయకుండా ఉండాల్సిందని మాత్రం అనలేను. నాయనమ్మ నోరు విప్పని ఆ బతుకు ఎట్లుండేదో నాకు కొంచెమైనా తెలిసింది ఆ సినిమాతోనే. ఆమె ఇష్టం లేకుండానే తెలిసింది.