పులిహోర డబ్బా

పెదకూరపాడు నుంచి అమరావతి ఎంతో దూరం లేదు. అయినా ఆదివారం నాటి ఆ యాత్రకి ఇల్లాలు తెల్లవారుజామునే లేవాలి. పులిహోర కలిపి డబ్బాకెత్తాలి, పెరుగన్నం సర్దాలి, పిల్లల్ని తెమల్చాలి. అమరేశ్వరుడి దర్శనమయ్యాక, ధ్యానబుద్ధుణ్ణి చూశాక, కృష్ణ ఒడ్డున చెట్టుకింద అందరికీ వడ్డించి, మిగిలింది తాను తిని, ఇంటికొచ్చి ఆ గిన్నెలే తోముకోవాలి. దీన్ని విహారయాత్ర అంటాం. విహారం ఎవరిదో మాత్రం అడగం.

'హోటల్లో తింటే డబ్బు దండగ కదా!' అంటారు పెద్దవాళ్ళు. పొదుపు మంచిదే. కాని ఆ దండగ ఎక్కడికి పోతుందో చూడండి. హోటలాయనకిచ్చిన నోటు గల్లాపెట్టెలోనే కూర్చోదు. పాలుపోసే రైతుకీ, కూరగాయలమ్మే ఆవిడకీ, పిండి రుబ్బే మనిషికీ చేరుతుంది. శివరాత్రికి కోటప్పకొండ తిరణాలకి వెళ్ళి, ప్రభలు చూసి, పిల్లకో డజను గాజులు కొంటే, గాజులామె ఇంట పొయ్యి వెలుగుతుంది. ఒకరి తీరిక మరొకరి తిండి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది కూడా ఇందుకే.

ఇందులో ఓ చిత్రముంది. హోటలు ఇడ్లీ జాతీయాదాయం లెక్కలోకి పూర్తిగా వస్తుంది. మన పులిహోరలో బియ్యం, నూనె లెక్కకొస్తాయి గాని, కలిపిన చెయ్యి రాదు! ఇంట్లోవాళ్ళకి చేసే చాకిరీకి వెలకట్టరు. వెలలేదు కనుక అది పని కాదనుకుంటాం. పని కాదు కనుక సెలవూ అక్కర్లేదనుకుంటాం.

సరే, హోటల్లోనే తిన్నాం. మరి మన ఆదివారం పూట అక్కడ గిన్నెలు కడిగే మనిషికి ఆదివారమేదీ? మన అలసట తీసుకెళ్ళి ఆమె నెత్తిన పెట్టి వచ్చామా? ఆమెకి కూలి దొరుకుతుంది, నిజమే. కాని కూలి సెలవుకి బదులు కాదు. విశ్రాంతీ, తీరికా, జీతంతో కూడిన సెలవులూ ప్రతి మనిషికీ హక్కేనని 1948 నాటి ఐక్యరాజ్యసమితి మానవహక్కుల ప్రకటన 24వ అధికరణంలో చెప్పింది. ఆడవాళ్ళకి తప్ప అని అందులో లేదు.

హోటలామె సెలవు మన చేతుల్లో లేకపోవచ్చు. మన ఇంట అంట్లు తోమే ఆమెకి జీతం కొయ్యకుండా నెలకి నాలుగు రోజులు సెలవివ్వడం మన చేతుల్లోనే ఉంది. అడిగే హక్కు మనకి రావాలంటే ముందు ఇచ్చే మనసు ఉండాలి కదా!

ఇక మన వంతు. అప్పుచేసి ఊళ్ళు తిరగమనను. ఈసారి అమరావతికి డబ్బా లేకుండా వెళ్ళి చూడండి. పులిహోర లేందే యాత్ర కాదంటారా? శనివారం రాత్రి చింతపండు నానబెట్టే పని మీవారికి అప్పజెప్పండి!